కోత పండుగ వేలంలో మా బంతి

కుంతి ఇప్పుడే వచ్చి వెళ్లింది. ఆమె టీ తాగిన గ్లాసు ఇంకా బల్ల మీదే ఉంది, లేచి తీయడానికి నాకు ఓపిక లేదు. కుంతీ సాహు రాయ్‌పూర్ పక్కన ధర్సీవాలో ఒక బడిలో ఆటల టీచరు. ఒకప్పుడు మేమిద్దరం ఒకే జట్టులో ఆడాం. వచ్చే నెల వాళ్ల మైదానంలో ఆడపిల్లలకు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ పోటీలు పెడుతున్నారట. రాయ్‌పూర్‌లో ఈ ఆట మొదట ఆడినవాళ్లను ఆ రోజు స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పుతారట, వాళ్లలో నేనూ ఒకదాన్నట. "నీ కెరియర్ గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టు విమలా, మైకులో చదివించాలి" అని హిందీలో చెప్పి, స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. కెరియర్ అన్న మాట వినగానే నాకు నవ్వొచ్చింది. శంకర్ నగర్‌లో ఒక బీమా ఆఫీసులో పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుని రసీదులు కొట్టడమే నా కెరియర్. అయినా కుంతి మాట తీసెయ్యలేక కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, ఆ రోజులు నాలుగు ముక్కల్లో ఇమిడేవి కావు, మైకులో చదివించదగ్గవీ కావు.

మాది రేపల్లె వైపు కుటుంబం. నాన్న రైల్వే వ్యాగన్ షాపులో ఫిట్టరు, అమ్మ ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. నేను పుట్టిందీ పెరిగిందీ రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలోనే. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, మా తెలుగులో కూడా సగం హిందీ. ఆ ఇంటికి రెండు వాసనలుండేవి. సాయంత్రం నాన్న వస్తే గ్రీజు వాసన వచ్చేది. ఆయన పెరట్లో పీట వేసుకుని ముందు కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో, చివర శనగపిండితో చేతులు తోముకునేవాడు. అంత తోమినా కంచంలో అన్నం కలుపుతుంటే గోళ్ల అంచులు నల్లగానే కనిపించేవి. అమ్మ వస్తే స్పిరిటు వాసన. చిన్నప్పుడు జ్వరమొచ్చి పడుకుంటే ఆ వాసన ముక్కుకు తగలగానే సగం తగ్గినట్టుండేది. వారమంతా డ్యూటీకి తెల్లచీర కట్టే అమ్మ, అందరూ తెల్లచీరల్లో వచ్చే ఆదివారం ఆరాధనకు మాత్రం ఆకుపచ్చదో నీలందో కట్టుకునేది. సంఘంలో ఎవరైనా అడిగితే, "ఆరు రోజులు చూశాన్లే ఆ తెలుపు, ఏడో రోజన్నా ఛుట్టీ ఇవ్వనీయండి" అనేది. తెల్లవారకముందే కోడికూర దింపేసి, నాన్న చొక్కా ఇస్త్రీ చేసి, నా జడలు రెండూ నెత్తి లాగేసేట్టు బిగించి, అందరికన్నా ముందు చర్చికి బయల్దేరేది. అమ్మది అంత గట్టి చెయ్యి, అంత గట్టి భక్తి.

ఆ ఆట మా కాలనీకి ఎలా వచ్చిందో చెప్పాలి. మా బడి పీటీ సార్ తివారీ గారు కలకత్తాలో ఏదో శిక్షణకు వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు సంచిలో ఒక ఎర్ర తోలు బంతి తెచ్చారు. గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ సన్నగా, నడుము లావుగా దోసకాయలా ఉంటుంది. నేల మీద పడితే ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. ఆ బంతిని కాలితో తన్నవచ్చు, అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది ఇంకొకరికి అందించవచ్చు, విసరడం మాత్రం తప్పు. దూరం నుంచి ఎవరైనా తన్నిన బంతిని నేలకు తగలకముందే గాల్లో పట్టేసుకుంటే ఆట ఆగి, పట్టినవాళ్లకు తీరిగ్గా తన్నే హక్కు వస్తుంది. దాన్ని మార్క్ అంటారు. అలా పట్టడానికి ముందున్న మనిషి వీపు మీద మోకాలు మోపి పైకి లేచినా తప్పు లేదు. బడిలో అబ్బాయిలు క్రికెట్ వదిలి రామన్నారు. అందుకని సార్ ఆడపిల్లలను పోగేశారు. భన్‌పురిలో లారీలు నిలిపే చోటు వెనక ఒక ఎగుడుదిగుడు నేల దొరికింది, నాలుగు వెదుళ్లు పాతి గోలు పోస్టులన్నాం. లారీ క్లీనర్లు బీడీలు కాల్చుకుంటూ మా ఆట చూసేవాళ్లు. ఇదేం ఆటో వాళ్లకు చివరిదాకా అర్థం కాలేదు గానీ, ఎవరైనా పడితే మాత్రం హుషారుగా ఈలలు వేసేవాళ్లు.

నాకు పరుగు అంతంత మాత్రం, తన్నడం ఇంకా తక్కువ. నాకొచ్చింది ఒక్కటే, ఎగరడం. కుంతి ధర్సీవా నుంచి బస్సులో వచ్చి చదువుకునే పిల్ల, వాళ్ల నాన్నకు వరి పొలం ఉంది. సాధనలో ఆమె నా ముందు నిలబడి, కాళ్లు ఎడం చేసి, వీపు కాస్త వంచేది. నేను పరిగెత్తుకొచ్చి ఆ వీపు మీద మోకాలు ఆనించి పైకి లేచేదాన్ని. పైకి లేచాక ఒక్క క్షణం అంతా ఆగిపోయేది. కింద కుంతి జడ, లారీల టార్పాలిన్ పట్టాలు, దూరంగా ఫ్యాక్టరీ గొట్టాలు కనిపించేవి. బంతి దానంతటదే వచ్చి చేతుల్లో కూర్చునేది. తర్వాత జీవితంలో నాకు మంచి రోజులు రాలేదని కాదు, కానీ అంత సంతోషం మళ్లీ ఒంటికి తెలియలేదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

అమ్మ ఒకసారి డ్యూటీ నుంచి వస్తూ దారిలో ఆగి ఆట చూసింది. ఇంటికొచ్చాక పప్పు తాలింపు వేస్తూ మొదలుపెట్టింది. "ఒకళ్ల వీపు మీద ఇంకొకళ్లు ఎక్కడమేందే? కోతులా మీరు?"

"రూలేనమ్మా అది."

"ఏం రూలో ఏమో. రేపు ఆ పిల్ల నడుం పట్టేస్తే వాళ్లమ్మకి నేనేం జవాబు చెప్పాలి?" అని, నాన్న వైపు తిరిగి, "మీరన్నా చెప్పండి దీనికి" అంది.

నాన్న కంచం ముందు కూర్చుని, "ఆడనీయ్ సుగుణా. పెళ్లయితే యాడ ఎగురుతుంది?" అన్నాడు. నాన్న నా పక్షం వహించడమంటే ఇలాగే ఉండేది, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టు. అయినా ఆయన అన్న ఆ ఒక్క మాటతోనే నేను రెండుసార్లు కలకత్తా, ఒకసారి ముంబయి వెళ్లాను. జనరల్ బోగీలో నిలబడి ప్రయాణం, ఎవరిదో బడి తరగతి గదిలో బెంచీలు జరిపి పడక, పొద్దున అటుకుల పోహా, మధ్యాహ్నం ఆట. ఖాళీ మైదానాల్లో ఆడేవాళ్లం, చప్పట్లు కూడా మాకు మేమే కొట్టుకునేవాళ్లం. జాతీయ పోటీలు అని పేరుండేది గానీ, పేపర్లో ఒక్క ముక్క వచ్చేది కాదు. అలాంటి రోజుల్లో తివారీ సార్ ఒక కబురు తెచ్చారు. ఆస్ట్రేలియాలో అన్ని దేశాల జట్లూ ఆడే పోటీకి మన ఆడపిల్లల జట్టు వెళ్తుందనీ, చివరి ఎంపికకు రాయ్‌పూర్ నుంచి నన్నూ కుంతినీ పిలిచారనీ. నన్ను పిలిచింది ఆ ఎగురుడు చూసే. రైల్వే క్వార్టర్లలో పెరిగిన మాకు పాసు మీద రేపల్లె వెళ్లడమే పెద్ద ప్రయాణం. విమానం మాట వినేసరికి నాకు రెండు రోజులు అన్నం సరిగా దిగలేదు.

అది విన్న వారానికే మోకాలు పోయింది. మామూలు సాధనలోనే, మామూలుగానే ఎగిరాను, బంతి కూడా పట్టాను. దిగేటప్పుడు కుడి కాలు ఎండకు నెర్రెలిచ్చిన చోట పడింది. లోపల ఏదో తెగినట్టు తెలిసింది. లారీ క్లీనర్లే నన్ను ఎత్తి ఒక టెంపోలో వేసి అమ్మ ఆసుపత్రికి చేర్చారు. డాక్టరు చూసి లిగమెంటు దెబ్బతిందన్నాడు. కాలు కదపకుండా ఉంచితే అతుక్కోవచ్చు, లేకపోతే ఆపరేషన్, అప్పటికీ కుంటు మిగలొచ్చు అన్నాడు. అంతమంది రోగులను చూసిన అమ్మ, డాక్టరు ముందు నర్సులాగే నిలబడి తలూపింది. ఇంటికొచ్చాక వంటింట్లో స్టవ్ ముందు కూర్చుని ఏడ్చింది. తర్వాత నెలల తరబడి ఆ మోకాలు అమ్మదైపోయింది. పట్టీ విప్పడం, కట్టడం, కాలు కింద దిండు సర్దడం, డ్యూటీకి వెళ్తూ ఒకసారి, వచ్చాక ఒకసారి వేళ్లతో చుట్టూ నొక్కి చూడడం అన్నీ తనే. మంచం మీద నా చేతులు ఊరికే ఉండకూడదని తివారీ సార్ ఆ ఎర్ర బంతిని నాకిచ్చి పోయారు. ఊళ్లో ఉన్నది అదొక్కటే. మిగతా పిల్లలు ఆ నెలలన్నీ పాత ఫుట్‌బాలుతో ఏదో కానిచ్చారు. నేను పడుకునే ఆ బంతిని పైకి వేసి పట్టుకుంటూ ఉండేదాన్ని. అమ్మ అది చూసేది.

ఒక శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. పాస్టరు గారు, సంఘ పెద్ద దానయ్య గారు, ఇరుగుపొరుగు తెలుగువాళ్లు చాప మీద కూర్చున్నారు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేసింది. "ప్రభువా, నా బిడ్డ మోకాలు మునుపటిలాగా చెయ్యి. దాని చేతిలో దానికి ఏది ప్రియమైందో అది కోత పండగనాడు నీ సన్నిధిలో పెడతాను" అంది. నేను పక్క గదిలో మంచం మీద ఉండి విన్నాను. నా చేతికున్న ఉంగరం గురించి అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఉంగరమే కదా, పోతే పోనీ అనుకున్నాను.

మోకాలు బాగైంది. ఎవరి వల్ల అని నేనిప్పుడు వాదించదలచుకోలేదు. వానలు వెలిసేసరికి కుంటు లేకుండా నడిచాను, దీపావళి నాటికి పరిగెత్తాను. డాక్టరే ఆశ్చర్యపోయి అమ్మ చెయ్యి పట్టుకుని అభినందించాడు. చివరి ఎంపిక వాయిదా పడి కోత పండుగ తర్వాత పదిహేను రోజులకు నిలిచింది. తివారీ సార్ ఇంటికొచ్చి, "ఇక రేపో మాపో గ్రౌండుకి రా బేటా" అని చెప్పి వెళ్లారు. పండుగ ముందురోజు శనివారం సాయంత్రం బజారు నుంచి వచ్చేసరికి అమ్మ పెరట్లో నాన్న పీట మీద కూర్చుని బంతిని సబ్బుతో కడుగుతోంది. పక్కన కొబ్బరినూనె గిన్నె, మెత్తని గుడ్డ ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది?"

"రేపు కానుకల బల్ల మీద పెట్టాలి గదా. మాసిపోయింది, ఇట్టా ఎట్టా పెడతాను?"

"అమ్మా, అది నాది కాదు. సార్‌ది. జట్టు మొత్తానికి అదొక్కటే ఉంది."

"తివారీ గారితో నేను మాట్లాడుకుంటాలే. నీ చేతిలో ఉన్నదేగా, నీకు ప్రాణమేగా? అంతమంది ముందు మాటిచ్చా, తప్పనా?"

"ఉంగరం ఇవ్వు, గొలుసు ఇవ్వు. మోకాలు బాగవ్వాలని నువ్వు మొక్కుకుంది నేను మళ్లీ ఆడాలనే కదా?"

అమ్మ కడగడం ఆపి నా వైపు చూసింది. ఆ ముఖంలో కోపం లేదు, ఇదేమిటి ఇంత తెలివితక్కువగా అడుగుతోంది అన్న ఆశ్చర్యమే ఉంది. "నువ్వు నడవాలని మొక్కుకున్నానే. ఆడాలని కాదు" అంది. నాన్న గుమ్మంలో నిలబడి అన్నీ విన్నాడు. నేను ఆయన వైపు చూస్తే, దేవుడి విషయంలో మనమేం అంటాం అన్నట్టు చేతులు చూపించి లోపలికి వెళ్లిపోయాడు.

మా తెలుగు సంఘంలో కోత పండుగ చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. రైల్వేలో పనిచేసే మాకెవరికీ పొలాల్లేవు, అయినా రేపల్లె నుంచి మా పెద్దలు తెచ్చుకున్న పండుగ కాబట్టి చేస్తాం. పండించినవాళ్లు పంట తెస్తే, మేం మాకొచ్చిన మేలుకు గుర్తుగా ఏదో ఒకటి తెస్తాం. గుమ్మడికాయలు, కట్టిపడేసిన కోళ్లు, గుడ్ల బుట్ట, కొత్త చీర, ఒకసారి గోడగడియారం కూడా చూశాను. ఆరాధన అయ్యాక ఆవరణలో షామియానా కింద వాటన్నిటినీ వేలం వేస్తారు. ఇచ్చిన ఇంటివాళ్లు తమ వస్తువును తాము పాడకూడదు, దేవుడికిచ్చింది మళ్లీ ఆ ఇంటికి పోకూడదని పద్ధతి. ఆ రోజు గుమ్మడికాయకూ నల్ల కోడిపుంజుకూ మధ్య, నూనె రాసి మెరుస్తున్న మా బంతి ఉంది. భోజనాలకని నేను ముందే పిలిచిన కుంతి వచ్చి, దాన్ని అక్కడ చూసి నోరు తెరిచింది. నేను చెప్పింది విన్నాక కూడా ఆమెకు నమ్మకం కుదరలేదు. "పాగల్ హో గయే క్యా తుమ్హారే ఘర్‌వాలే?" అంది, మీ ఇంట్లోవాళ్లకు పిచ్చి గానీ పట్టిందా అని.

వేలం వేసేది దానయ్య గారు. రిటైరైన గార్డు, గొంతు ఇంకా ప్లాట్‌ఫారం మీదున్నట్టే ఉండేది. కోడిపుంజు అమ్ముడుపోయాక బంతిని రెండు చేతులతో ఎత్తి, అటూ ఇటూ తిప్పి, "సుగుణమ్మా, ఇదేందమ్మా? కూరొండుకునేదా, ఆడుకునేదా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. లేచి నిలబడి, "మా విమల మోకాలండీ" అంది. నవ్వు ఆగిపోయింది. చాలామంది ఆ శుక్రవారం కూడికకు వచ్చినవాళ్లే. భన్‌పురిలో ట్రాన్స్‌పోర్టు నడిపే ఒకాయన, దేవుడి మేలుకు సాక్ష్యమైన వస్తువు తన ఆఫీసు అద్దాల బీరువాలో పెట్టుకుంటానని పాట మొదలుపెట్టాడు. ఇంకెవరో పెంచారు, ఆయన ఇంకా పెంచాడు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడి, ఆ బంతి అద్దాల బీరువాలోకి వెళ్లిపోవడం చూస్తున్నాను. ఒకటోసారి అన్నారు దానయ్య గారు. రెండోసారి అన్నారు. అప్పుడు నా పక్కనుంచి కుంతి గొంతు గట్టిగా లేచింది. "ఏక్ బోరా ధాన్!"

అందరూ వెనక్కి తిరిగారు. తెలుగు రాని పిల్ల, మా సంఘం కాదు, మా మతం కాదు. "ఏమంటోంది?" అని ఎవరో అడిగితే, "బస్తా ధాన్యం ఇస్తదంట" అని ఇంకెవరో చెప్పారు. ట్రాన్స్‌పోర్టు ఆయన ఇంకా పెంచబోయాడు గానీ దానయ్య గారు చెయ్యెత్తి ఆపారు. "నేను ఇన్నేళ్లుగా కోత పండగ చేయిస్తున్నా. మన బల్ల మీద ఒక్క వరి గింజ రాలింది లేదు. ఇవ్వాళ బస్తా వస్తంటే కాదంటానా?" అని, మూడోసారి అనేసి, బంతి తీసుకెళ్లి కుంతి చేతిలో పెట్టారు. వాళ్ల నాన్నను ఆమె అడగనైనా అడగలేదు. మరుసటి ఆదివారం ఆయన మోటారుసైకిల్ వెనక బస్తా కట్టుకుని, దారంతా కూతుర్ని తిట్టుకుంటూ వచ్చి చర్చి గుమ్మంలో దించి పోయాడు. ఆ ధాన్యం మరపట్టించిన బియ్యంతోనే ఆ ఏడాది క్రిస్మస్ భోజనాలు జరిగాయి.

బంతి దక్కింది కాబట్టి కథ సుఖాంతమని కుంతి అనుకుంది, నేనూ అనుకున్నాను. సోమవారం గ్రౌండుకు బయల్దేరుతుంటే అమ్మ అడ్డుపడలేదు. జడ వేస్తూ మామూలు గొంతుతో, "దేవుడికిచ్చేసిన దాన్ని మళ్లీ పట్టుకుంటే ఏమవుద్దో నాకు తెల్వదమ్మా. నీ ఇష్టం" అంది, అంతే. నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. గ్రౌండులో తివారీ సార్ దూరం నుంచి బంతి తన్నారు. కుంతి కాళ్లు ఎడం చేసి వీపు వంచింది. నేను పరిగెత్తాను, మోకాలు ఆనించాను, లేచాను. పైకి లేచాక ఎప్పుడూ లేనిది, కిందికి చూశాను. నేల కనిపించింది, నెర్రెలు కనిపించాయి, మోకాలు గుర్తొచ్చింది. చేతులు బంతి కోసం వెళ్లకుండా కాళ్లను కాచుకోవడానికి కిందికి దిగిపోయాయి. బంతి నా నెత్తి మీదుగా పోయింది. "కా హోగే ఓ?" అంది కుంతి, ఏమైందే అని. ఏమీ కాలేదు, ఇంకోసారి అన్నాను. ఆ సాయంత్రం ఎన్నిసార్లు లేచానో, అన్నిసార్లూ అదే. పదిహేను రోజులూ అదే. మోకాలికి నొప్పి లేదు, వాపు లేదు, నిక్షేపంలా ఉంది. ఎగరడమే పోయింది. చివరి ఎంపికలో నన్ను చూసినవాళ్లు, ఈ అమ్మాయి గురించేనా అంతలా చెప్పారు అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కుంతి ఆస్ట్రేలియా వెళ్లొచ్చింది. అక్కడి గడ్డి గురించి గంటలు గంటలు చెప్పింది, పడితే దెబ్బ తగలదట. ఆమె చెబుతుంటే నాకు కుళ్లు పుట్టింది, ఏడుపూ వచ్చింది, బాగుందే అని నవ్వాను కూడా. నేను డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగంలో చేరాను. నాన్న రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, ఈ శంకర్ నగర్ ఇంట్లో మూడేళ్లుండి కన్నుమూశాడు. ఆయన గురించి ఏడవడానికి కూడా తీరిక లేకుండా అమ్మకు బీపీ, షుగరు మొదలయ్యాయి. ఇప్పుడు పిల్లలకు బూట్లున్నాయి, మోకాలికి తొడుగులున్నాయి, జట్టుకు సంచినిండా బంతులున్నాయి. కుంతి ఫోనులో వీడియో చూపించింది, ఒక పిల్ల ఇంకో పిల్ల వీపు మీదినుంచి లేచి బంతి పట్టింది, చుట్టూ తల్లులు నిలబడి చప్పట్లు కొడుతున్నారు. తల్లులు! నేను ఆ పిల్లను చూడలేదు, ఆ తల్లులనే చూశాను. మంచి కాలం వచ్చింది, రావాల్సిందే. నాకే కాస్త ఆలస్యంగా వచ్చింది, అప్పటికి నేను అలిసిపోయాను.

మోకాలి సంగతి చెప్పకుండా ఇది ముగియదు. కొన్నేళ్లుగా అది మళ్లీ నొప్పి పెడుతోంది, అదే కుడి మోకాలు. ఇక్కడి డాక్టరు, పాత దెబ్బమ్మా, అరిగిపోయింది అన్నాడు. ఈ ముక్క అమ్మకు చెప్పలేదు. ఎలా చెప్పను? తన మొక్కుబడిని దేవుడు ఆలకించాడని చెప్పడానికి అమ్మ దగ్గరున్న సాక్ష్యం నా మోకాలే. ఇప్పటికీ సంఘంలో ఎవరి బిడ్డకు జబ్బు చేసినా ఫోనులో నా మోకాలి కథ చెప్పి ధైర్యమిస్తుంది. అందుకని నేను ఆఫీసు నుంచి వచ్చి, రెండో అంతస్తులోని మా ఇంటికి ఎక్కుతూ మొదటి అంతస్తు దగ్గర కాసేపు ఆగి, ఫోను చూసుకుంటున్నట్టు గోడకు ఆనుకుని నొప్పి సద్దుమణిగాక, అమ్మకు వినబడే ఆ చివరి మెట్లు మాత్రం గబగబా ఎక్కుతాను. తలుపు తీసేసరికి ముఖం మామూలుగా పెట్టుకుంటాను. ఇన్నేళ్లలో నేను చేసిన సాధనంతా ఇదే. ఇందాక కుంతి కూర్చుని ఉండగా కూడా అమ్మ మంచం మీదినుంచి హిందీలో చెప్పింది. "ఇస్‌కా ఘుట్నా ఆజ్ భీ ఏక్‌దమ్ బఢియా హై బేటీ. ప్రభు కీ దయా." దీని మోకాలు ఇప్పటికీ నిక్షేపంలా ఉంది, ప్రభువు దయ అని. కుంతి నా వైపు చూసింది, నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇంతవరకూ రాసి, చీకటి పడుతోందని లైటు వేయడానికి లేచాను. గోడ పట్టుకోకుండానే లేచాను, అమ్మ చూస్తోంది కాబట్టి. అమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, నా ముఖం వైపు చూడకుండా అడిగింది.

"విమలా, ఆ స్టేజీకి మెట్లున్నాయేమో కుంతినొకసారి అడగరాదూ?"

లైటు వేశాను. ఎన్నాళ్లనుంచి తెలుసో అడగలేదు. ముప్పై ఏళ్లకు పైగా రోగుల మధ్య తిరిగిన మనిషి ముందు ఇన్నాళ్లూ నటించానా అని సిగ్గేసింది. ఆ మోకాలు బాగుందని అందరికీ చెప్పుకుంటూ తనెంత అలిసిపోయిందో అనిపించింది.

"ఉంటాయమ్మా" అన్నాను. "నువ్వూ రా. నా చెయ్యి పట్టుకుని ఎక్కిద్దువుగాని."